ఓటు, కుర్చీ, వెండితెర

1939లో ప్రపంచానికి ఆ కొసనొకటి, ఈ కొసనొకటి రెండు సినిమాలు వచ్చాయి. అమెరికాలో ఫ్రాంక్ కాప్రా ‘మిస్టర్ స్మిత్ గోస్ టు వాషింగ్టన్’ తీశాడు. మన దగ్గర గూడవల్లి రామబ్రహ్మం ‘రైతుబిడ్డ’ తీశారు. మొదటిది చూసి వాషింగ్టన్ సెనేటర్లు మండిపడ్డారు. రెండోదాన్ని జమీందార్లు అడ్డుకున్నారు; కొన్నిచోట్ల నిషేధం కూడా పడింది. దేశాలు వేరు, కథలు వేరు. ఏలేవాళ్లకు మాత్రం రెండుచోట్లా ఒకేలా తగిలింది.

నందిగామ తాలూకా వాళ్లకు ‘రైతుబిడ్డ’ కథ కొత్తది కాదు. మునగాల పరగణా అప్పట్లో ఈ తాలూకాలోదే. చుట్టూ నిజాం రాజ్యం, మధ్యలో బ్రిటిషు ఏలుబడిలోని జమీందారీ. 1938-39లో అక్కడి రైతులు జమీందారు మీద తిరగబడి సత్యాగ్రహం చేశారు. దీనికి సరిగ్గా ఎదురు లెక్క పరిటాల: చుట్టూ బ్రిటిషు కృష్ణా జిల్లా, మధ్యలో నిజాం జాగీరు. 1947లో దేశానికి స్వాతంత్ర్యం వచ్చినా ఆ ఊళ్లు నిజాం కిందే మిగిలిపోయాయి. జనం ఊరుకోలేదు. తమది స్వతంత్ర రిపబ్లిక్ అని ప్రకటించుకుని, భారతదేశంలో కలిసేదాకా తమ పాలన తామే చూసుకున్నారు. ఎవరికి శిస్తు కట్టాలి, ఎవరి మాట చెల్లాలి అన్నవి ఈ మెట్ట ఊళ్లు బతికి తేల్చుకున్న ప్రశ్నలు. అందుకే రాజకీయ సినిమా విలువ ఇక్కడివాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఆ సినిమాలు ఏ పనితనంతో మనల్ని పట్టుకున్నాయో, ఎక్కడ పట్టు వదిలాయో చెప్పుకోవడమే ఇప్పుడు అవసరం.

అమెరికావాళ్ల పద్ధతిలో నిబంధనే కథను నడిపిస్తుంది. సెనేట్‌లో ఒక సభ్యుడు నిలబడి మాట్లాడుతున్నంతసేపూ ఇంకొకరు అతని వంతు లాక్కోవడానికి వీల్లేదన్న నియమాన్ని కాప్రా పట్టుకున్నాడు. కొత్తగా వచ్చిన సభ్యుడు కాళ్లు పీకుతున్నా, గొంతు బొంగురుపోతున్నా కూర్చోడు. కూర్చుంటే ఓడిపోయినట్టే. స్పీల్‌బర్గ్ ‘లింకన్’ (2012)లో బానిసత్వాన్ని రద్దుచేసే సవరణకు ఒక్కొక్క ఓటే ఎలా కూడగట్టారో చూపిస్తాడు. ‘ఆల్ ది ప్రెసిడెంట్స్ మెన్’ (1976)లో ఇద్దరు విలేకరుల టెలిఫోన్లు, టైపురైటర్లే ఆయుధాలు. ప్రభుత్వం అనే యంత్రంలో ఏ మర ఎక్కడుందో ప్రేక్షకుడు తెలుసుకుని బయటికొస్తాడు.

మన పద్ధతి నాటకం నుంచి వచ్చింది. ‘రైతుబిడ్డ’లో రైతు నరసిరెడ్డిగా వేసింది బళ్లారి రాఘవ, వృత్తికి వకీలు, రంగస్థలం మీద దిగ్గజం. కథలో గట్టి ఘట్టం ఎన్నిక. జమీందారు తరఫు మనిషిని కాదని ఆ రైతు రైతుల అభ్యర్థికి ఓటు వేస్తాడు, దానికి తగిన శిక్ష అనుభవిస్తాడు. ఇంత పెద్ద వ్యవస్థను రామబ్రహ్మం ఒక్క ఓటులోకి కుదించారు. మనవాళ్ల మొదటి పనిముట్టు ఆ కుదింపే. ఓటు వేసి ఇంటికి వెళ్లే దారిలో ఏం జరుగుతుందో నేల టిక్కెట్టు ప్రేక్షకుడికి ఎవరూ వివరించనక్కర్లేదు. ఇంకో విశేషం: ఈ సినిమా తీసిన సారథి సంస్థ వెనుక ఉన్నది చల్లపల్లి రాజా. ఒక జమీందారు డబ్బుతోనే జమీందారీని ప్రశ్నించిన ధైర్యం రామబ్రహ్మంగారిది.

రెండో పనిముట్టు మాట. తిరునాళ్లలో తెల్లవార్లూ పద్యనాటకం చూసి వన్స్‌మోర్ కొట్టిన ప్రేక్షకులకు నిలబడి వాదించే మనిషంటే మక్కువ. ‘బొబ్బిలి పులి’ (1982) కోర్టు సన్నివేశం ఆ మక్కువ మీదే నిలబడింది. ముద్దాయి బోనులో నిలబడి వ్యవస్థనే ముద్దాయిని చేస్తాడు. ఆ ముద్దాయిగా వేసిన ఎన్టీఆర్ ఆ ఏడాది మార్చి 29న పార్టీ పెట్టారు, 1983 జనవరికల్లా ముఖ్యమంత్రి అయ్యారు. 1949లో ‘మన దేశం’లో బ్రిటిషు సర్కారు పోలీసుగా తెరమీద తొలిసారి కనిపించిన నటుడాయన. 2022 నుంచి జగ్గయ్యపేట, నందిగామ రెండూ ఆయన పేరిట ఏర్పడ్డ జిల్లాలోవే.

మూడోది మారువేషం. 1977 మార్చిలో ఎమర్జెన్సీ ముగిసింది, అదే ఏడాది ‘యమగోల’ వచ్చింది. డి.వి. నరసరాజు మాటలు రాశారు. నేల మీద నోరెత్తడం కష్టమైన సంగతుల్ని ఆయన యమలోకానికి ఎక్కించారు. అక్కడ కింకరులు సంఘం పెడతారు, సమ్మె చేస్తారు, యముడు తల పట్టుకుంటాడు. నవ్వుతూనే జనం అధికారం ఎంత పెళుసుదో చూశారు. 1987లో ‘మండలాధీశుడు’ ఆ ముసుగు కూడా తీసేసింది. గద్దె మీదున్న ముఖ్యమంత్రినే పోలిన పాత్ర అది. వేసింది కంకిపాడులో పుట్టిన కోట శ్రీనివాసరావు.

ఇక టి. కృష్ణ ‘ప్రతిఘటన’ (1985). నడివీధిలో రౌడీ చేతిలో అవమానం పాలైన లెక్చరర్ మళ్లీ క్లాసులో అడుగుపెడుతుంది. బోర్డు మీద విద్యార్థులు గీసిన అసభ్యమైన బొమ్మ ఉంటుంది. ఆమె దాన్ని తుడిచి పాఠం మొదలుపెట్టదు, ప్రిన్సిపాల్ దగ్గరికి పరిగెత్తదు. వేటూరి రాసిన పాటతో ఆ పిల్లలనే నిలదీస్తుంది. కెమెరా ఆమె ముఖం నుంచి బెంచీల మీదికి వెళుతుంది, ఒక్కొక్క తలా వంగిపోతుంది. తప్పు రౌడీదీ, అతన్ని పెంచిన మంత్రిదీ అనుకుని కూర్చున్న ప్రేక్షకుడికి ఆ బెంచీల్లో తనూ ఉన్నానని అర్థమవుతుంది. రాజకీయ సినిమా చెయ్యాల్సిన పనిని నాలుగు గోడల మధ్య పూర్తిచేసిన ఘట్టం అది.

ఈ సినిమాలోనే మనవాళ్ల పెద్ద లోపమూ ఉంది. కోట వేసిన దుర్మార్గపు రాజకీయ నాయకుడి చేత తెలంగాణ యాస పలికించారు. ఆయన నటన గొప్పదే. కానీ జనం మెచ్చేసరికి ఆ యాస విలన్లకు, కమెడియన్లకు యూనిఫారంలా అయిపోయింది. గరికపాడు చెక్‌పోస్టు దాటితే కోదాడ. జగ్గయ్యపేటలో వియ్యాలందింది అటువాళ్లతోనే, మిర్చి బస్తా అమ్మిందీ కొన్నదీ అటువాళ్లతోనే. బస్టాండులో రెండు యాసలూ ఒకే బెంచీ మీద కూర్చుంటాయి. మేనమామ మాటతీరును తెరమీద దుర్మార్గానికి గుర్తుగా వాడుతుంటే నొచ్చుకోని సరిహద్దు ఇల్లు ఉండదు. అధికారాన్ని నిలదీయడానికి పుట్టిన కళ ఒక ప్రాంతపు నాలుకను చిన్నబుచ్చకూడదు.

రెండో లోపం రక్షకుడి మోజు. ఒక్కడొస్తాడు, గర్జిస్తాడు, అన్నీ సర్దుకుంటాయి. ఆ మోజులో ఓటరు చప్పట్లు కొట్టే గుంపుగా మిగిలిపోతాడు. 2010లో వచ్చిన రెండు సినిమాలు దీనికి ఎదురు దారి చూపించాయి. శేఖర్ కమ్ముల ‘లీడర్’లో ముఖ్యమంత్రి కొడుకు తండ్రి కుర్చీ కోసం ఎమ్మెల్యేల లెక్క సరిచూసుకోవాలి, వాళ్లకు డబ్బు పంచాలి. అవినీతిని తుడవడానికి అవినీతితోనే గద్దెనెక్కిన మనిషి చివరికి రాజీనామా చేసి జనం ముందుకు రాక తప్పదు. బెజవాడ నేపథ్యంగా దేవా కట్టా తీసిన ‘ప్రస్థానం’లో సాయికుమార్ వేసిన లోకనాథం నాయుడు రాక్షసుడు కాడు. ఒక తప్పును కప్పిపుచ్చడానికి ఇంకొకటి చేస్తూ పోయిన తండ్రి. ఇలాంటి పాత్రల వల్లే అధికారం మనిషిని ఎలా మలుస్తుందో లోపలి నుంచి అర్థమవుతుంది.

మన మాట పదునుకు, అమెరికావాళ్ల నిబంధన పట్టు తోడైతే ఎంత గట్టి సినిమా వస్తుందో చెప్పడానికి పరిటాల కథ చాలు. దాని మీద సినిమా తీసేవాళ్లు ఒక్క హీరో కోసం వెతక్కూడదు. ఊరివాళ్లు ఎక్కడ కూర్చుని తీర్మానం చేశారు, శిస్తు ఎవరు వసూలు చేశారు, తగవులు ఎవరు తీర్చారు, భయపడ్డవాళ్లకు ఎవరు నచ్చజెప్పారు అన్నదే కథ కావాలి. నందిగామలో పుట్టిన అయ్యదేవర కాళేశ్వరరావు 1956లో ఆంధ్రప్రదేశ్ శాసనసభకు తొలి స్పీకర్ అయ్యారు. సభ నడపడం నేర్చిన గడ్డ ఇది. ఆ నేర్పు తెరకెక్కితే, ఎన్నికల రోజున వరసలో నిలబడే పిల్లలకు తాము వేసే ఓటు ఏ తలుపు తీస్తుందో తెలుస్తుంది. ‘రైతుబిడ్డ’ మొదలుపెట్టిన పని అదే. మనం పూర్తిచెయ్యాల్సిందీ అదే.