రొట్టె లేని వారము: విలియం కేరీ దినచర్యలో చిన్న మేలులు – ఒక విమర్శనాత్మక పరిశీలన

మిషనరీల దినచర్య పుస్తకములను మన వేదాంత కళాశాలలలో సంఘచరిత్రకు ఆధారములుగా చదువుతాము. ఆదివారపు ప్రసంగములకు ఉదాహరణలు కావలసినప్పుడు వాటిని తిరగవేస్తాము. ఒక రచనగా తీసుకొని, అందులో ఏమి వ్రాయబడినది, ఏ రీతిగా వ్రాయబడినది, ఏది ప్రక్కకు నెట్టబడినది అని పరిశీలించుట మాత్రము అరుదు. పరాయి దేశములో సేవకుడు కష్టపు వారములో దేవుని చిన్న మేలులను ఎలా లెక్కించుకున్నాడు అను ప్రశ్నతో విలియం కేరీగారి దినచర్యను, ముఖ్యముగా 1794 జనవరి, ఫిబ్రవరి నెలల భాగమును, ఇక్కడ పరిశీలిస్తున్నాము.

ఈ దినచర్య 1793 జూన్ 13న, కేరీగారి కుటుంబము డోవరు తీరమున డేనిష్ ఓడ ఎక్కిన నాటినుండి మొదలై 1795 జూన్ వరకు సాగుతుంది. అందులోని భాగములను బాప్టిస్టు మిషనరీ సొసైటీ తన నివేదికలలో అచ్చువేసింది. 1836లో ఆయన సోదరుని కుమారుడు యూస్టేస్ కేరీ తాను వ్రాసిన జీవితచరిత్రలో చాలా భాగము చేర్చారు. 2000లో టెరీ కార్టర్ సంపాదకత్వమున దినచర్య, ఎంపిక చేసిన ఉత్తరములతో కలిసి ఒకే సంపుటముగా వెలువడినది. సెరాంపూర్ పట్టా పుచ్చుకున్న మనలో చాలామందికి కేరీగారనగానే 1792 నాటింగ్‌హామ్ ప్రసంగము, 1812 అగ్నిప్రమాదము, 1818 నాటి తెలుగు క్రొత్త నిబంధన గుర్తుకు వస్తాయి. ఆ కేరీగారు వేరు, ఈ దినచర్యలోని కేరీగారు వేరు. ఇక్కడ ఆయనకు ముప్పది రెండేళ్లు. ముద్రణాలయము లేదు, కళాశాల లేదు, బాప్తిస్మము పొందిన ఒక్క విశ్వాసియైనను లేడు. మొదటి విశ్వాసి కృష్ణపాల్ నీటిలోనికి దిగుటకు ఇంకా సుమారు ఏడేళ్లున్నాయి.

1794 జనవరిలో వారి పరిస్థితి ఇది. ఇంగ్లండునుండి తెచ్చిన వస్తువులను అమ్మగా వచ్చిన డబ్బుతో మొదటి సంవత్సరము గడవాలని అనుకున్నారు. ఆ డబ్బు తోటి మిషనరీ జాన్ థామస్ చేతిలో కొద్ది వారములలోనే హరించిపోయినది. పాత అప్పులవారు వెంటబడుతుండగా థామస్ కలకత్తాలోనే వైద్యవృత్తిలో దిగారు. కేరీగారి కుటుంబము మాణిక్‌తలాలో ఒక హిందూ వడ్డీవ్యాపారి ఇచ్చిన చిన్న తోట ఇంటిలో తలదాచుకున్నది. భార్య డొరతీగారు, పెద్ద కుమారుడు ఫీలిక్సు రక్తవిరేచనములతో బాధపడుతున్నారు. చంటిబిడ్డ జాబెజుకు ఇంకా ఏడాది నిండలేదు. కంపెనీ అనుమతి పత్రము కూడా లేదు; ఎప్పుడు పంపివేస్తారో తెలియదు.

ఆ దినములలోనే కేరీగారు ఎండలో నడిచి ఇవాంజెలికల్ చాప్లిన్ డేవిడ్ బ్రౌన్‌గారిని చూడబోయారు. బ్రౌన్‌గారికి థామస్‌తో పాత వైరమున్నది. మాటలైతే జరిగాయి గాని, వచ్చినవానిని కాస్త ఫలహారము తీసుకొమ్మని కూడా ఆయన అనలేదని కేరీగారు వ్రాసుకున్నారు. ఆయన దీనిమీద వ్యాఖ్యానము చేయరు, జరిగినది చెప్పి ఊరుకుంటారు. అయినా ఆ ఒక్క వాక్యము చదివిన ఏ పాస్టరుకైనా, సాటి సేవకుని గుమ్మము దిగి ఎండలోనికి నడుచుట ఎట్టిదో అర్థమవుతుంది.

ఫిబ్రవరి మొదట్లో కుటుంబమంతా పడవెక్కి సుందరవనముల వైపు దేభట్టాకు బయలుదేరినది. మున్షీ రామరామబసు బంధువు అక్కడ భూమి ఇప్పిస్తానన్నాడు. పులులు తిరిగే అడవి అది. తెచ్చుకున్న ఆహారము అయిపోవచ్చిన వేళ ఒడ్డున ఒక ఐరోపావాని ఇల్లు కనిపించినదని జీవితచరిత్రకారులు చెబుతారు. ఉప్పు వ్యవహారము చూచే కంపెనీ ఉద్యోగి చార్లెస్ షార్టు ఇల్లది. ముక్కు మొగము తెలియని వారిని ఆయన లోపలికి పిలిచి, ఇల్లు కట్టుకొనువరకు, కావాలంటే ఆరు నెలలైనా, అక్కడే ఉండమన్నారు. షార్టుగారికి కేరీగారి పనిమీద నమ్మకము లేదు. సువార్తను నమ్మిన గుమ్మములో ఫలహారము దొరకలేదు, నమ్మని గుమ్మములో నెలల తరబడి భోజనము దొరికినది. దినచర్యలో ఈ రెండు సంగతుల మధ్య ఎడము మూడు వారములకు మించదు. కేరీగారు వాటిని పోల్చి చెప్పలేదు. పోల్చుకొనే పని చదువరికి వదిలారు. వానలోను చలిలోను వణుకుతున్న పౌలు బృందమునకు నిప్పు రాజబెట్టినవారు మెలితే ద్వీపమునందలి అనాగరికులేనని అపొస్తలుల కార్యములు 28లో లూకా వ్రాయలేదా? చిన్న మేలులను లెక్కించేటప్పుడు మనము తరచు మన సంఘపు గోడల లోపలే వెదకుతాము. ఈ దినచర్య ఆ అలవాటును బద్దలు కొడుతుంది.

ఈ రచనలో మేలుల ప్రస్తావన నమ్మదగినదిగా ఉండుటకు మరొక కారణమున్నది. మేలు కనబడని దినమును కేరీగారు ఖాళీగానే ఉంచుతారు. ఈ దినము ఆత్మ ఎండిపోయినది, ప్రార్థన రాలేదు, మనసు లోకపు చింతలతో నిండినది అను అర్థమిచ్చు మాటలు పుటపుటకు తగులుతాయి. మరునాడు కాస్త తెరిపి. ఆ తరువాత మరల చీకటి. మున్షీతో సువార్తను గూర్చి మాటలాడగలిగిన సాయంకాలము, బెంగాలీ భాషలో కాస్త ముందడుగు, ఆదివారమున ఇంటివారితో జరిగిన చిన్న ఆరాధన, ఇవే ఆయన పేర్కొన్న ఆదరణలు. వీటిని పెద్దవి చేసి చూపరు. విలాపవాక్యములు 3వ అధ్యాయములో దేవుని వాత్సల్యము అనుదినము నూతనమనే మాటకు ముందున్న చేదును మనము ప్రసంగములలో దాటవేస్తాము, కేరీగారు దాటవేయలేదు.

అయితే ఈ దినచర్యకు ఒక పరిమితి ఉన్నది. ఆ కాలపు ఇవాంజెలికల్ దినచర్యలకు మాదిరి డేవిడ్ బ్రెయినర్డ్ దినచర్య. 1749లో జోనాథాన్ ఎడ్వర్డ్స్ దానిని ప్రచురించారు. కేరీగారు దేభట్టాలో దానిని చదివి, తనకును అతనికిని ఎంత అంతరమున్నదో అని సిగ్గుపడినట్లు 1794 ఏప్రిల్‌లో వ్రాసుకున్నారు. ఆ మాదిరిలో ప్రతి దినము అడుగవలసిన ప్రశ్న ఒక్కటే: నా ఆత్మ ఈ దినమున దేవునికి దగ్గరగా ఉన్నదా? ఆ ప్రశ్న మంచిదే. కాని బ్రెయినర్డ్ ఒంటరివాడు, భార్యాబిడ్డలు లేనివాడు. ఆ చొక్కా కేరీగారి ఒంటికి సరిపోలేదని మా అభిప్రాయము. తన ఆత్మ స్థితిని కొలిచే కొలబద్దతో ఇంటిలోని మిగతా వారి అవసరములను కొలువబోయినప్పుడు పొరపాటు జరిగినది.

జనవరి నాటి ఒక వాక్యము ఇందుకు సాక్ష్యము. భార్యయు, ఆమె చెల్లెలును తనమీద ఎడతెగక సణుగుతున్నారనీ, సువార్త పని విలువ తనకు కనబడినట్లు వారికి కనబడదనీ కేరీగారు బాధపడతారు. వారి ఫిర్యాదు ఏమిటి? అడవిలోనికి వెళ్లాలి, జీవనావసరములు లేకుండ బ్రతకాలి, మరి ముఖ్యముగా రొట్టె ఉండదు. ఈ అవసరములను కేరీగారు తన మాటగా అవసరములని అనరు. అవి వారు అవసరములని పిలిచేవి అని వ్రాస్తారు. ఈ చిన్న సవరణ దగ్గర చదువరి ఆగవలెను. నెలల తరబడి రక్తవిరేచనములతో ఉన్న స్త్రీకి, అన్నము అలవాటులేని కడుపుకు, రొట్టెముక్క విలాసము కాదు. ఆ వారములో ఆమె కోరిన చిన్న మేలు అదే. భర్త లెక్కలో అది మేలుల పట్టీలోకి ఎక్కలేదు, సణుగుడు పట్టీలోకి ఎక్కినది.

డొరతీగారు దినచర్య వ్రాసి ఉంటే అది మన చేతికి రాలేదు. 1781లో పెండ్లినాడు రిజిస్టరులో ఆమె సంతకము చేయలేక గుర్తు పెట్టిన సంగతి తెలిసినదే. 1795 నుండి ఆమెకు మతి చలించినది. 1807 డిసెంబరు 8న మరణించువరకు కోలుకోలేదు. జేమ్స్ బెక్ 1992లో ఆమెమీద ప్రత్యేకముగా ఒక గ్రంథము వ్రాసేవరకు మన చరిత్రలలో ఆమెకు దక్కినది తరచు ఒక పేరా, అదికూడా భర్త ఓర్పును పొగడుటకే. న్యాయముగా ఇంకొకటి కూడా చెప్పాలి. ఆ రొట్టె మాటను వ్రాసి ఉంచినవారు కేరీగారే. దాచాలనుకుంటే దాచగలిగి ఉండేవారు. ఆయన నిజాయితీయే ఆయనను విమర్శించుటకు మనకు ఆధారమిచ్చినది.

1794 జూన్‌లో జార్జి ఉడ్నీ నీలిమందు కర్మాగారములో నెలకు 200 రూపాయల జీతముపై పని దొరికి కుటుంబము మాల్దా ప్రాంతమునకు మారినది. దీనిని కేరీగారు దేవుని గొప్ప ఏర్పాటుగా ఎంచారు, అది నిజమే. కాని అక్టోబరులో అయిదేండ్ల పీటరు జ్వరముతో చనిపోయాడు. కులకట్టుబాటులవలన సమాధి త్రవ్వేవారు దొరకలేదు. చివరకు కొందరు ముస్లిము కూలీలు ఒప్పుకొని త్రవ్వారు. అందుకు వారి గ్రామము వారిని వెలివేసినది. ఆ కష్టదినమున కేరీగారికి దొరికిన మనుష్య సహాయమునకు వెల చెల్లించినవారు పేరులేని ఆ కూలీలు. వెలి అంటే ఏమిటో పెద్దల నోట విన్న మన సంఘములకు ఈ పుట ప్రత్యేకముగా చదివి వినిపించవలసినది.

ఇది పాత సంగతి అని విడిచిపెట్టలేము. మన తెలుగు బాప్టిస్టులు 1903లోనే జాన్ రంగయ్యగారిని నాటాల్ చెరకుతోటలలోని తెలుగు కూలీల మధ్యకు పంపారు. ఈనాడు గల్ఫు దేశములలోను, ఇతర రాష్ట్రములలోను మనవారు సేవ చేస్తున్నారు. ప్రార్థన ఉత్తరములు నెలనెలా వస్తాయి. వాటిలో చాలా వాటికి ఒకే అచ్చు: కష్టము ఒక పంక్తి, మేలు పది పంక్తులు, చివర ప్రార్థనాంశములు. భార్య ఒంటరితనము, పిల్లల బడి, అద్దె బాకీ అనునవి ప్రార్థనాంశములలో మూడవదిగానో నాల్గవదిగానో నలిగిపోతాయి. కానుక పంపువారు నిరుత్సాహపడతారేమో అను భయము దీనికి కారణము. మేము ఆ భయమును తక్కువ చేసి మాట్లాడము, అద్దె కట్టవలసినవానికి అది నిజమైన భయమే. కాని ఉత్తరమును సంఘములో చదివి వినిపించే పాస్టరు ఆ మూడవ అంశమును మొదట చదువవచ్చును. జవాబు వ్రాసేటప్పుడు ఇంటావిడ పేరున విడిగా నాలుగు పంక్తులు వ్రాయవచ్చును.

విద్యార్థులకు ఒక మాట. ఈ దినచర్యలో 1794 జనవరి నుండి జూన్ వరకు గల భాగము తెలుగులో చదువదగినది, ఒక పరిశోధనా పత్రమునకు సరిపడునంత చిన్నది. దానిని అనువదించువారు కేరీగారిమీది గౌరవముతో రొట్టె వాక్యమును మెత్తబరచవద్దు. వారు అవసరములని పిలిచేవి అన్న ఆ మాటను కూడా ఉన్నదున్నట్లుగా తెలుగులోనికి తేవలెను.