ప్రయాణానికి ముందరి అధ్యాయం

పోయిన ఏడాది జూన్‌లో, ఇరవై ఆరేళ్ళుగా చేస్తున్న లెక్చరర్ ఉద్యోగానికి రాజీనామా ఇచ్చాను. ఇంకా నాలుగేళ్ళ సర్వీసు ఉండగానే ఎందుకు మానేస్తున్నావని అందరూ అడిగారు. ఆరోగ్యం బాగాలేదేమోనని కొందరు, అమ్మాయి పురిటికేమోనని కొందరు వాళ్ళే సమాధానాలు కూడా అందించారు. "ఒక్కదాన్నే ప్రపంచం చుట్టి రావాలనుకుంటున్నాను" అని చెప్పినప్పుడు స్టాఫ్ రూమ్‌లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒక కొలీగ్ "మీ వారు ఒప్పుకున్నారా మేడమ్?" అంది. ఆయన పోయి ఆరేళ్ళయిందని ఆమెకి తెలుసు. అప్పట్లో ఇంటికొచ్చి నా చెయ్యి పట్టుకుని కూర్చున్న మనిషే. ఆ ప్రశ్న ఆమె అడగలేదు, అలవాటు అడిగింది.

అప్పటి నుంచీ రెండు పనులు చేస్తున్నాను. ఒకటి, ప్రయాణానికి ఏర్పాట్లు. రెండోది, ఇలా బయలుదేరిన స్త్రీలు రాసిన పుస్తకాలు చదవడం. మొదట్లో రెండోది మొదటిదానికి సాయపడుతుందనుకున్నాను. ఇప్పుడు మాత్రం మొదటి పనే రెండోదాన్ని ఎలా చదవాలో నేర్పుతోంది. ఈ తరం పుస్తకాల్లో చాలావాటికి ఒక అచ్చు ఉంది. ఆఫీసు, ఉక్కిరిబిక్కిరి, రాజీనామా ఉత్తరం. పేజీ తిప్పితే విమానాశ్రయం. నా నోటుబుక్కులో మాత్రం రాజీనామాకీ విమానాశ్రయానికీ మధ్య ఇప్పటికి నూట నలభై పేజీలు నిండాయి. ఆ పుస్తకాల్లో లేని అధ్యాయం అదే. అది ఎందుకు లేదన్నదే నా ప్రశ్న.

పంతొమ్మిదో శతాబ్దపు స్త్రీలు దాన్ని వదిలిపెట్టలేదు. వియన్నాకు చెందిన ఇడా ఫైఫర్ 1842లో, నలభై నాలుగేళ్ళు దాటాక, కొడుకులిద్దరూ పెద్దవాళ్ళయ్యాక మొదటిసారి ఇల్లు కదిలింది. పాలస్తీనా వెళుతున్నానంటే ఎవరూ పంపరని, కాన్‌స్టాంటినోపుల్‌లో స్నేహితురాల్ని చూసి వస్తానని చెప్పింది. అబద్ధంతో మొదలైన ఆ ప్రయాణం తర్వాత ఆమె రెండుసార్లు భూమి చుట్టి వచ్చింది. 1846లో బయలుదేరిన మొదటి చుట్టులో మన దేశానికీ వచ్చింది. ఆమె పుస్తకం చదువుతుంటే ఓడలో పడక ఎంత ఇరుకు, ఏ పూట ఏం పెట్టారు, ఎక్కడ ఎంత తీసుకున్నారు అనే లెక్కలు అడుగడుగునా తగులుతాయి. వాటిని చదివి విసుక్కునేవాళ్ళుంటారు. నాకు మాత్రం పచారీ కొట్టు పద్దు రాసే మనిషి చెయ్యి కనిపించింది. ఉన్న కాస్త డబ్బూ ఎన్నాళ్ళు వస్తుందో చూసుకుంటూ తిరిగిన మనిషి ఆవిడ. పుస్తకాలు అమ్మి, దారిలో సేకరించిన పురుగుల్నీ మొక్కల్నీ మ్యూజియాలకి అమ్మి తర్వాతి ప్రయాణానికి సమకూర్చుకుంది. బెర్లిన్, పారిస్ భౌగోళిక సంఘాలు ఆమెకి గౌరవ సభ్యత్వమిచ్చాయి. లండన్ రాయల్ జాగ్రఫికల్ సొసైటీ మాత్రం స్త్రీ అన్న కారణంతో చేర్చుకోలేదు. రెండుసార్లు భూమి చుట్టి వచ్చినా ఆ గుమ్మం దాటలేకపోయింది!

ఆమెని నెత్తిన పెట్టుకోవాల్సిన పనీ లేదు. తాను చూసిన దేశాల మనుషుల గురించి, ముఖ్యంగా నల్లవాళ్ళ గురించీ చైనా వాళ్ళ గురించీ ఆమె రాసిన మాటలు ఇవాళ చదవడం కష్టం. నెల్లీ బ్లై విషయమూ అంతే. 1889 నవంబర్ 14న న్యూయార్క్ నుంచి బయలుదేరి 72 రోజుల్లో తిరిగి వచ్చిన ఈ విలేకరిని ఆడపిల్లల పాఠ్యపుస్తకాల్లో సాహసానికి గుర్తుగా చూపిస్తారు. ఆమె దారి చూడండి: పోర్ట్ సయీద్, ఏడెన్, కొలంబో, పెనాంగ్, సింగపూర్, హాంకాంగ్. ఈ రేవులన్నిటిలోనూ బ్రిటిష్ వాళ్ళ పెత్తనమే. సామ్రాజ్యం పరిచిన తివాచీ మీద నడిచిన స్వేచ్ఛ అది. అయినా ఆమె పుస్తకంలో నేను మళ్ళీ మళ్ళీ చదివేది బయలుదేరకముందు పేజీలే. ఆలోచన చెప్పగానే పత్రికవాళ్ళు, ఆడమనిషికి తోడు కావాలి, చాలా పెట్టెలు కావాలి, మగవాణ్ణి పంపుదాం అన్నారట. అయితే మీరు పంపే మగవాడు కదిలిన రోజే నేనింకో పత్రిక తరఫున కదులుతానంది. చివరికి ఒక్క చేతిసంచీతో వెళ్ళింది. ఆ సంచీలో ఏమేం పట్టాయో, ఏం పట్టలేదో వివరంగా రాసింది. 'పెట్టెలు' అన్న అభ్యంతరానికి అది జవాబు. సర్దుకోవడమే వాదన అయిన చోటు అది.

అదే రోజు మరో పత్రిక ఎలిజబెత్ బిస్లండ్‌ను ఎదురు దిశలో పంపింది. పొద్దున పిలిచి చెప్పారు, సాయంత్రానికి రైల్లో ఉంది. మర్నాడు ఇంటికి టీకి అతిథులొస్తున్నారని మొదట కుదరదంది. దీన్ని చాలామంది హాస్యంగా చెప్పుకుంటారు. నాకు నవ్వు రాలేదు. ప్రపంచం చుట్టి రమ్మన్నా మనకి ముందు గుర్తొచ్చేది రేపు ఇంటికి ఎవరొస్తున్నారన్నదే. బిస్లండ్ 76 రోజులకి తిరిగొచ్చింది. గెలిచినామె పేరు మిగిలింది, ఈమె మరుగున పడింది. వీళ్ళిద్దరూ ఉద్యోగం వదిలి వెళ్ళినవాళ్ళు కాదు, ఉద్యోగం పంపితే వెళ్ళినవాళ్ళు. బ్లై ఆ పత్రికను వదిలింది తిరిగొచ్చాక, 1890లో.

ఇక మన కాలానికొస్తే, ఎలిజబెత్ గిల్బర్ట్ 2006లో రాసిన 'ఈట్ ప్రే లవ్' ఈ ధోరణికి తల్లి లాంటిది. ఇటలీ, ఇండియా, ఇండోనేషియా. రాయబోయే పుస్తకానికి ముందుగా అందిన డబ్బుతోనే ఈ ప్రయాణం చేశానని ఆమె దాచలేదు. కానీ చదివినవాళ్ళకి గుర్తుండిపోయేవి నేపుల్స్ పిజ్జా, ఆశ్రమం, బాలి ప్రేమ. ఆ ఒక్క వాక్యం గుర్తుండదు. ఉద్యోగానికి వెళ్ళినట్టే వెళ్ళిన ప్రయాణాన్ని అన్నీ వదిలి వెళ్ళినట్టు మనం చదువుకున్నాం. తప్పు ఆమెది ఎంతో, మనది ఎంతో!

మనవాళ్ళలో శివ్యా నాథ్ 2011లో సింగపూర్‌లో ఉద్యోగం మానేసింది. 2018లో 'ది షూటింగ్ స్టార్' అచ్చయింది. ఆ పుస్తకం నాకు దగ్గరగా అనిపించడానికి కారణం ఆమె వయసు కాదు, నా కూతురికన్నా అంత పెద్దదేం కాదు. ఆమె చేతిలో ఉన్నది కూడా నీలిరంగు భారత పాస్‌పోర్టే.

ఈ పాస్‌పోర్టు దగ్గరే నాకు అసలు పాఠం దొరికింది. 'ఎక్కడ బుద్ధి పుడితే అక్కడ దిగాను' అనే వాక్యం ప్రయాణ రచనల్లో ఎంత ఇష్టంగా చదువుతాం! అది రచయిత్రి స్వభావం అనుకునేదాన్ని. కాదు, ఆమె పాస్‌పోర్టు రంగు. షెంగెన్ వీసాకి ప్రయాణానికి ఆరు నెలల ముందు కన్నా ముందుగా దరఖాస్తు తీసుకోరు. ఇచ్చాక కూడా ఏ నూట ఎనభై రోజుల్లోనూ తొంభై రోజులే. ఏడాది ప్రయాణంలో యూరప్ ఎనిమిదో నెలలో వస్తే ఇంటి దగ్గర కూర్చుని ఆ వీసా తీసుకోలేను. కాబట్టి నా దారిని నా ఇష్టం కాక వీసాల వరస నిర్ణయిస్తోంది. అమెరికా వీసా ఉంటే మెక్సికో మళ్ళీ అడగదు గనక అది ముందు. ఆఫ్రికాలో, దక్షిణ అమెరికాలో కొన్ని దేశాల కోసం నారాయణగూడ ఐ.పి.ఎం.లో ఎల్లో ఫీవర్ టీకా. అది వేయించుకున్న పది రోజులకి గానీ సర్టిఫికెట్ చెల్లదు. ప్రపంచం చుట్టే టిక్కెట్టుకి దాని నియమాలు దానివి. విమాన కంపెనీల కూటములు ఇచ్చే ఆ టిక్కెట్టు మీద తూర్పుకో పడమరకో ఒకే దిశలో సాగాలి, అట్లాంటిక్‌నీ పసిఫిక్‌నీ ఒక్కొక్కసారే దాటాలి, ఏడాది లోపల బయలుదేరిన దేశానికే తిరిగి రావాలి. ఈ చివరి షరతు చదివి వినిపిస్తే మా అమ్మ చాలా సంతోషించింది.

వీసా దరఖాస్తుకి జీతం స్లిప్పులు, యజమాని ఉత్తరం, సెలవు మంజూరు పత్రం అడుగుతారు. ఉద్యోగంలో ఉన్నంతకాలం అవన్నీ ఉన్నాయి, సెలవు లేదు. ఇప్పుడు సెలవుంది, అవి లేవు. నా ఫారం నింపిన ఏజెంటు కుర్రాడు 'వృత్తి' దగ్గర నన్నడక్కుండా హౌస్‌వైఫ్ అని కొట్టాడు. తీసేయమన్నాను. "అలా ఉంటేనే సేఫ్ ఆంటీ, హస్బెండ్ బ్యాంక్ స్టేట్‌మెంట్ పెట్టేస్తే అయిపోతుంది" అన్నాడు. మంచి పిల్లాడే. ఇరవై ఆరేళ్ళ పాఠాల కన్నా ఒక మగవాడి బ్యాంకు పుస్తకం ఎక్కువ నమ్మకంగా పనిచేస్తుందని అతనికి అనుభవం చెప్పింది.

పి.ఎఫ్. కోసం నియమాలు తిరగేస్తుంటే ఇంకోటి కనబడింది. 1952 నాటి పథకంలో, ఉద్యోగం మానేసినవాళ్ళు మొత్తం తీసుకోవాలంటే రెండు నెలలు ఆగాలని రాశారు. ఒక్కరికే మినహాయింపు: పెళ్ళి చేసుకోవడానికి ఉద్యోగం మానేసే స్త్రీకి. ఆ వాక్యాన్ని ఒక సాహిత్య పాఠంలా చాలాసేపు చదివాను. స్త్రీ ఎందుకు ఉద్యోగం మానేస్తుందని ఊహించుకుంటూ పోతే రాసినవాళ్ళకి తోచిన కారణం అదొక్కటే. దయతోనే రాశారు, అదే దానిలో విశేషం.

'తిరిగి ఆడది చెడును, తిరగక మగవాడు చెడును' అనే సామెత పుట్టిన భాష మనది. తిరుగుబోతు అనే మాట మగవాడి పక్కన పెడితే సరదా, ఆడదాని పక్కన పెడితే తిట్టు. కానీ మన ఆడవాళ్ళు తిరగలేదా? నా మొదటి ఉద్యోగం రాజంపేటలో. మా క్లాసులో పిల్లలు కొందరిని అమ్మమ్మలు పెంచేవాళ్ళు, తల్లులు కువైట్‌లో ఇళ్ళలో పని చేసేవాళ్ళు. ఒకామె సెలవుల్లో వచ్చినప్పుడు, బొంబాయి ఎయిర్‌పోర్టులో రాత్రంతా నేల మీద కూర్చుని, చేతిలో కాగితం చూపిస్తూ ఎలా విమానమెక్కిందో చెప్పింది. పదో తరగతి చదవని స్త్రీ ఇంటి పనికి ఆ దేశాలకి వెళ్ళాలంటే ముప్ఫై ఏళ్ళు నిండాలని ప్రభుత్వం రక్షణ పేరుతో నియమం పెట్టింది. దానివల్ల ఎందరు దొంగదారి పట్టారో ఆ ఊళ్ళవాళ్ళకి తెలుసు. ఆమె ప్రయాణాన్ని సోలో ట్రావెల్ అని ఎవరూ అనలేదు. అలాగే అమెరికాలో కూతురి పురుడు పోయడానికి ఆవకాయ జాడీ, పిండివంటల డబ్బాలు సర్దుకుని దోహాలో విమానం మారి ఒంటరిగా వెళ్ళే తల్లులు. ఇంగ్లీషు రాదని వీల్‌చెయిర్ అడిగి, దాన్ని తోసే మనిషినే దుబాసీగా చేసుకుంటారు. నాకిది బ్లై చేతిసంచీ కన్నా గొప్ప ఉపాయం. వాళ్ళని మాత్రం ఎవరూ 'మీ వారు ఒప్పుకున్నారా' అని అడగరు. ఎందుకంటే ఆ ప్రయాణాలు వాళ్ళకోసం కావు. మన యాత్రా సాహిత్యంలో వాళ్ళ పుస్తకం లేదు. నేను రాయబోయేది ఆ ఖాళీని పూడ్చదని కూడా తెలుసు. నాకు పెన్షన్ డబ్బుంది, ఇంగ్లీషుంది, అడ్డు చెప్పే మనిషి లేడు. ఆ మూడూ లేకుండా వెళ్ళినవాళ్ళ పక్కన 'ఒంటరిగా' అనే మాట నా పుస్తకం అట్ట మీద వేసుకోవడానికి కాస్త సిగ్గుగా ఉంది.

ఆ మాట ఇంట్లో కూడా నిలవడం లేదు. నోటుబుక్కులో ఇరవై పేజీలు అమ్మవే: బీపీ మాత్రలు, కళ్ళ డాక్టరు, అన్నయ్య ఊళ్ళో లేనప్పుడు ఎవరొస్తారు, నేను ఏ దేశంలో ఉన్నప్పుడు ఇక్కడ రాత్రి ఎన్నవుతుంది. మొన్న విజయవాడ వెళ్ళినప్పుడు అవన్నీ చదివించుకుని విన్నది. ఎనభై ఒకటో ఏడు. మాత్రల పేజీ దగ్గర ఆపి, "నన్నెక్కడిదాకా తీసుకెళ్ళగలవే?" అంది.

కొలంబో దాకా అన్నాను. దగ్గర, ఆన్‌లైన్ అనుమతి చాలు, అన్నయ్య వచ్చి వెనక్కి తీసుకెళ్ళగలడు. నెల్లీ బ్లై ఓడ కోసం అయిదు రోజులు ఇరుక్కున్న ఊరు. సరేనంది. మర్నాడు ఆమె పాస్‌పోర్టు ఫారం తెరిచి పుట్టిన తేదీ దగ్గర ఆగిపోయాను. ఏ కాగితమూ లేదు, వానాకాలంలో పుట్టానని తప్ప ఆమెకీ తెలియదు. ఆధార్‌లో జనవరి ఒకటి అని ఉంది. అదే వేశాను.