పిడికిలి ప్రవర

కరాటే పరంపరా, నీకు వందనం. తాటాకుల మీద కాక తొడ కండరాల మీద రాసుకుంటూ వచ్చిన విద్యవు నువ్వు. ఒకినావా దీవిలో షురి కోట చుట్టుపక్కల పుట్టావు. ఇక్కడ హైదరాబాద్‌లో, దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, ఎల్బీనగర్ కాలనీల్లో ఏ స్కూలు గ్రౌండులోనో, ఏ అపార్ట్‌మెంటు డాబా మీదో తెల్లబట్టలు కట్టుకుని నిలబడ్డావు. పైన మెట్రో దడదడా పోతుంటే కింద పిల్లలు ‘ఇచి, ని, సాన్, షి’ అని జపానీ అంకెలు అరుస్తుంటారు. ఎక్కాలు తడబడే బుడతడికి కూడా ఈ లెక్క తడబడదు.

సంధ్యవార్చినవాడు ప్రవర చెప్పుకున్నట్టు నీ వరస చెప్పుకుంటాను. మత్సుమురా సోకోన్ శిష్యుడు ఇతోసు అంకో. ఇతోసుకూ, అజాతో అంకోకూ శిష్యుడు ఫునాకోషి గిచిన్. చైనాలోని ఫుజౌ వెళ్లి నేర్చుకొచ్చిన హిగావొన్నా కన్‌ర్యో నీ ఇంకో పాయ. ఆయన శిష్యుడు మియాగి చోజున్ నుంచి గోజు ర్యు శైలి. అటు హిగావొన్నా దగ్గరా, ఇటు ఇతోసు దగ్గరా కూర్చున్న మబుని కెన్వా నుంచి షితో ర్యు శైలి. (కంచి నుంచి బోధిధర్ముడు మోసుకెళ్లిన విద్యేనని మనవాళ్లు ఛాతీ విరుచుకుంటారు. కథ బాగుంది, ఆధారమే బలంగా లేదు.)

ఈ వరసలో నా మొక్కు ముందుగా ఇతోసుకే. ఒకినావాను ఏలిన ర్యూక్యూ రాజు కొలువులో రాయసం చేసిన మనిషి. ఇంటి పెరళ్లలో, చీకటి మాటున, నమ్మినవాడికే చెప్పే విద్యను 1901లో బడి మెట్లెక్కించారు. పిల్లల ఒంటికి సరిపోయేలా ఐదు పినాన్ కతాలు, అంటే కదలికల వరసలు, కూర్చారు. 1908లో దీన్ని బళ్లలో ఎందుకు నేర్పాలో పది అంశాలుగా ఉత్తరం రాశారు. పలచబరిచాడని ఇప్పటికీ సణిగేవాళ్లున్నారు, సణగనీ. ఆ గడప ఆయన దాటించకపోతే సర్కారు బడి ఆడపిల్ల పిడికిలి దాకా నువ్వు వచ్చేదానివా?

ఆ తర్వాత ఫునాకోషి. ఈయనా బడిపంతులే. రాత్రిళ్లు లాంతరు పట్టుకుని అజాతో ఇంటికి నడిచి, చేసిన కతానే మళ్లీ మళ్లీ చేసి, ఒక్క మెచ్చుకోలు కోసం నెలల తరబడి కాచుకున్నారు. 1922లో ప్రదర్శన ఇవ్వడానికి టోక్యో వెళ్లి అక్కడే ఉండిపోయారు. వయసు యాభై దాటింది, జేబు ఖాళీ. ఒకినావా విద్యార్థుల హాస్టల్లో చిన్న గది. పగలు వాకిలి ఊడ్చారు, తోటపని చేశారు, కాపలా కాశారు. హాలు ఖాళీగా దొరికినప్పుడల్లా పాఠం చెప్పారు. వంటవాడికి కరాటే నేర్పి భోజనం బిల్లులో తగ్గింపు పుచ్చుకున్నారు! గోడల నిండా కోచింగ్ బోర్డులూ, సందు సందునా హాస్టళ్లూ ఉన్న దిల్‌సుఖ్‌నగర్‌కు ఇంతకంటే దగ్గరి గురువు ఎవరున్నారు? మెస్ బిల్లు బాకీ ఉన్న కుర్రాడెవడైనా ఆయన్ని ఇట్టే పోల్చుకుంటాడు.

1945 బాంబుదాడుల్లో ఆయన షోతోకాన్ బడి కాలిపోయింది. కాలింది కొయ్యే. కతా శిష్యుల మోకాళ్లలో, నడుముల్లో ఉంది, దాన్ని ఏ బాంబు కాలుస్తుంది?

ఇప్పుడు నీ పేరు మీద ఫ్లెక్సీలు లేస్తున్నాయి. గ్రాండ్‌మాస్టర్లు వీధికొకరు. ఫీజు కడితే రంగు మారే బెల్టులూ ఉన్నాయి. పరంపరా, వాళ్లనూ భరించు. గోడ మీది ఫునాకోషి పటానికి దండం పెట్టించి, పటంలోని ముసలాయన ఎవరో పిల్లలకు చెప్పే మాస్టారు ఒక్కడున్నా నీకు చాలు.

అదుగో, హెయాన్ షోదాన్ కతా మొదలైంది. ఎడమకు తిరిగి కిందికో అడ్డు, అడుగేసి ఒక గుద్దు. మొత్తం 21 కదలికలు. తొమ్మిదోదానిలో, ముంజేయి మూడోసారి నుదుటి మీదికి లేచేసరికి, పొత్తికడుపులోంచి ‘కియాయ్’ అన్న అరుపు. గేటు దగ్గర కుక్క ఉలిక్కిపడి లేచింది. బ్రౌన్ బెల్టు అమ్మాయి, తొమ్మిదో క్లాసేమో, వరసలోకి వచ్చి చివరి పిల్లాడి కాలి దగ్గర గొంతుక్కూర్చుంది.

“నీ మడిమె లేస్తుంది చూడు రా! నేలకు అదుము. మళ్లా ఫస్ట్ నుంచి చెయ్యి.”