సంకట సమయం - సిద్ధపాటు: ‘యాత్రికుని ప్రయాణము’పై ఒక పరిశీలన

1. ప్రవేశిక

క్రైస్తవ బోధలో ‘సిద్ధపాటు’ అనే మాట తరచుగా వినిపిస్తుంది. కష్టం రాకముందే ప్రార్థన అలవాటు చేసుకోవాలి, వాక్యం కంఠస్థం చేసుకోవాలి, అప్పుడే శోధన వచ్చిన రోజున నిలబడగలం అని బోధకులు చెబుతారు. మత్తయి సువార్త 25వ అధ్యాయంలోని పదిమంది కన్యకల ఉపమానాన్ని ఇందుకు ఆధారంగా చూపుతారు. సిద్దెలలో నూనె తెచ్చుకున్నవారు లోపలికి వెళ్లారు. తెచ్చుకోనివారు మూసిన తలుపు బయట నిలిచిపోయారు.

ఈ బోధలో తప్పు లేదు. కాని దాని వెనకే ఒక ప్రశ్న ఉంది. జీవితమంతా నూనె పోగుచేసుకున్న మనిషి కూడా ఆపద వచ్చిన రోజున కుంగిపోతే, అతని సిద్ధపాటు వృథా అయినట్టేనా? జాన్ బన్యన్ రాసిన ‘ది పిల్గ్రిమ్స్ ప్రోగ్రెస్’ను ఈ ప్రశ్న దృష్టితో చదవడమే ఈ పాఠం ఉద్దేశం. దీని మొదటి భాగం 1678లో, రెండో భాగం 1684లో వెలువడ్డాయి. తెలుగు క్రైస్తవ పాఠకులకు ఇది ‘యాత్రికుని ప్రయాణము’గా పరిచయం. అనువాదాల్లో పాత్రల పేర్లు వేర్వేరుగా ఉండవచ్చు కాబట్టి, ఇక్కడ అర్థాన్నిబట్టి తెలుగు పేర్లు వాడుతున్నాను.

గుణాలకూ దోషాలకూ మనుషుల రూపమిచ్చి కథ నడపడం మనకు కొత్త కాదు. కృష్ణమిశ్రుని ‘ప్రబోధచంద్రోదయం’లో వివేకుడు, మోహుడు రాజులై యుద్ధం చేస్తారు. దాన్ని నంది మల్లయ, ఘంట సింగయ తెలుగు చేశారు. అయితే ఆ నాటకంలో పోరు రెండు పక్షాల మధ్య జరుగుతుంది. బన్యన్ కథలో ఒక మామూలు మనిషి ఇల్లు విడిచి దారిన పడతాడు. సిద్ధపాటు గురించిన ప్రశ్న ఆ దారిలోనే పుడుతుంది.

2. రచయిత: చెరసాలకు ముందు

బన్యన్ 1628లో ఇంగ్లండ్‌లోని బెడ్‌ఫర్డ్ సమీపంలో ఎల్‌స్టో గ్రామంలో పుట్టాడు. పాత్రలకు మాట్లు వేసే వృత్తి. రాజ్యం గుర్తించిన సంఘానికి వెలుపల బోధిస్తున్నాడని 1660లో అతన్ని నిర్బంధించారు. బోధించడం మానేస్తానని మాట ఇస్తే విడుదలయ్యేవాడే. ఇవ్వలేదు. 1672 దాకా జైలులోనే గడిపాడు. జోళ్లకు కట్టే తాళ్లు తయారుచేసి కుటుంబానికి ఎంతో కొంత పంపేవాడు. అతని నలుగురు పిల్లల్లో ఒక అమ్మాయి అంధురాలు.

1666లో వెలువడిన తన ఆత్మకథలో అతను ఈ కాలం గురించి దాపరికం లేకుండా రాశాడు. నిర్బంధం రాబోతోందని ముందే గ్రహించాడు. చెర దీర్ఘమైతే ఎలా ఓర్చుకోవాలి, మరణమే వస్తే ఎలా ఎదుర్కోవాలి అన్న రెండు విషయాలపై ముందునుంచే మనసు పెట్టి ప్రార్థించాడు. కొరింథీయులకు రాసిన రెండో పత్రిక మొదటి అధ్యాయం ఆధారంగా, భార్యాపిల్లలనూ ఆరోగ్యాన్నీ సుఖాలనూ ఇక తనవి కావనుకుని దేవునిమీదే ఆనుకోవాలని నిశ్చయించుకున్నాడు.

అంత సిద్ధపడినవాడు జైలులో అడుగుపెట్టాక ఏమైంది? తాను బలహీనుణ్ణని ఒప్పుకున్నాడు. పిల్లల తలపు, అందులోనూ చూపులేని కూతురి తలపు, అతన్ని కోసివేసింది. ఉరికంబం ఎక్కవలసివస్తే మోకాళ్లు వణికి దేవునికి అపకీర్తి తెస్తానేమోనని భయపడ్డాడు. ఈ అనుభవాన్ని గుర్తుంచుకుని కథలోకి వెళ్లాలి.

3. కవచం, దాని హద్దులు

కథలో సిద్ధపాటుకు ప్రత్యేకించిన చోటు సుందర భవనం. అక్కడ వివేకం, భక్తి, ప్రేమ అనే కన్యలు క్రైస్తవుడితో మాట్లాడతారు. భోజనం పెడతారు, విశ్రాంతినిస్తారు, ఆయుధశాల చూపిస్తారు. బయలుదేరే ముందు ఎఫెసీయులకు రాసిన పత్రిక 6వ అధ్యాయంలోని సర్వాంగకవచాన్ని తొడుగుతారు. కొండ దిగగానే దీనత్వపు లోయలో అపొల్లుయోను ఎదురవుతాడు. సిద్ధపాటు ముందు, సంకటం వెనుక అనే క్రమాన్ని బన్యన్ ఇక్కడ స్పష్టంగా పాటించాడు.

అయితే రెండు వివరాలు గమనించండి. మొదటిది, అపొల్లుయోనును చూడగానే క్రైస్తవుడు వెనక్కి పరుగెత్తాలా అని ఆలోచిస్తాడు. ఆగిపోవడానికి కారణం ధైర్యం కాదు, వీపుకు కవచం లేకపోవడం. తిరిగితే బాణాలకు గురి అవుతాడు. అంటే కవచం అతని భయాన్ని తొలగించలేదు, పారిపోయే దారిని మూసింది. రెండోది, పోరు మధ్యలో కత్తి అతని చేతినుంచి జారిపోతుంది. ఆయుధశాలలో ఇచ్చినది యుద్ధంలో జారిపోవచ్చునని బన్యన్ దాచలేదు.

ఆ తర్వాత వచ్చే గాఢాంధకారపు లోయలో కత్తి అసలే పనికిరాదు. అక్కడి శత్రువులు కోతకు లొంగేవారు కారు. ప్రార్థన ఒక్కటే మిగులుతుంది. అదీ చాలనంత చీకటి. ఒక దుష్టాత్మ వెనకనుంచి చెవిలో దైవదూషణ గుసగుసలాడితే, ఆ మాటలు తన మనసులోనే పుట్టాయని క్రైస్తవుడు అనుకుంటాడు. భక్తుడికి సంకటంలో కలిగే అతి పెద్ద బాధ ఇదే. బయటి దెబ్బకంటే ‘ఇలాంటి ఆలోచన నాకు వచ్చిందా’ అన్న సిగ్గు ఎక్కువగా కుంగదీస్తుంది. ఈ ఒక్క ఘట్టం చాలు, బన్యన్‌ను కేవలం నీతిబోధకుడిగా చూడకూడదని చెప్పడానికి.

ఆ చీకటిలో అతనికి ఊరట ఎలా దొరికింది? ముందు ఎవరో నడుస్తూ 23వ కీర్తనలోని మాటలు పలకడం వినిపించింది. ఈ లోయలో తాను ఒంటరి కాడని తెలిసింది. ఆ కీర్తన క్రైస్తవుడికి తెలియనిది కాదు. కాని ఆ సమయానికి అది మరొకరి గొంతులో వినిపించవలసివచ్చింది.

4. రొమ్ములోని తాళంచెవి

సందేహ దుర్గం ఘట్టం అందరికీ తెలిసినదే. సులువైన పక్కదారి పట్టి క్రైస్తవుడూ నిరీక్షణుడూ నిరాశ అనే రాక్షసుడి చేత చిక్కుతారు. బుధవారం ఉదయం నుంచి శనివారం రాత్రి దాకా చీకటి కొట్టులో పడి ఉంటారు. రాక్షసుడు వారిని కొట్టి, ప్రాణాలు తీసుకోమని సలహా ఇస్తాడు. క్రైస్తవుడు ఆ సలహా వైపు మొగ్గుతాడు. నిరీక్షణుడు వాదించి, గతంలో గెలిచిన పోరాటాలను గుర్తుచేసి అతన్ని ఆపుతాడు. శనివారం అర్ధరాత్రి నుంచి ఇద్దరూ ప్రార్థిస్తారు. తెల్లవారబోతుండగా క్రైస్తవుడికి తన రొమ్ములో వాగ్దానం అనే తాళంచెవి ఉందని గుర్తొస్తుంది. తలుపులు తెరుచుకుంటాయి. చివరి ఇనుప ద్వారం తాళం మాత్రం ఎంతో కష్టంమీద తిరుగుతుంది.

నేను ఈ ఘట్టాన్ని చాలా సంవత్సరాలు తరగతిలో బోధించాను. వాగ్దానం గుర్తుంటే ఏ తలుపైనా తెరుచుకుంటుంది అని చెప్పి పాఠం ముగించేవాణ్ణి. నా భార్య చివరి జబ్బు రోజుల్లో, చిన్ననాటి నుంచి నోటికి వచ్చిన కీర్తనలు ఒక్కటీ నాకు గుర్తుకు రాలేదు. పక్కింటి పెద్దావిడ రోజూ సాయంత్రం వచ్చి, మంచం పక్కన కూర్చుని చదివేవారు. నేను వినేవాణ్ణి, అంతే. ఆ తర్వాత ఈ ఘట్టం మళ్లీ చదివినప్పుడు, నేను విద్యార్థులకు చెప్పని విషయం ఒకటి కనిపించింది. తాళంచెవి మొదటి రోజు నుంచీ క్రైస్తవుడి దగ్గరే ఉంది. అయినా నాలుగు రోజులు గుర్తుకు రాలేదు. గుర్తొచ్చేదాకా అతన్ని బతికించింది తాళంచెవి కాదు, పక్కన ఉన్న మనిషి.

కలిగి ఉండడం వేరు, వేళకు తోచడం వేరు. మొదటిది మనం చేసే సిద్ధపాటు. రెండోది పూర్తిగా మన చేతిలో లేదు. బన్యన్ ఈ రెంటి మధ్య ఎడం చూపించాడు. ఆ ఎడాన్ని తోటి యాత్రికుడితో నింపాడు.

5. నది

పరలోక పట్టణం ఎదుట నది ఉంది. వంతెన లేదు. రాజుమీద ఉంచిన నమ్మికనుబట్టి లోతు పెరుగుతుంది, తగ్గుతుంది. ఇన్ని ఆపదలు దాటిన క్రైస్తవుడు అక్కడ తేలికగా దాటుతాడని పాఠకుడు ఎదురుచూస్తాడు. కాని అతను మునిగిపోతాడు. కళ్లకు చీకటి కమ్ముతుంది, పాత పాపాలు గుర్తొస్తాయి. నిరీక్షణుడు అతని తల నీటిపైన ఉండేటట్టు పట్టుకుంటాడు. చివరికి కాలికి నేల తగులుతుంది.

దీనికి ఎదురుగా అజ్ఞాని పాత్ర ఉంది. అతను వట్టి ఆశ అనే పడవవాడి సాయంతో తడవకుండా దాటతాడు. కాని ద్వారం దగ్గర చూపవలసిన పత్రం అతని దగ్గర లేదు, తిరస్కరిస్తారు. రెండో భాగంలో ‘భయస్థుడు’ అనే యాత్రికుడి కథ వస్తుంది. దారి పొడవునా వణికినవాడు నది దాటే రోజున నీరు ఎన్నడూ లేనంత తగ్గి, పాదాలు తడిసీ తడవనట్టు దాటిపోతాడు. ఈ ముగ్గురినీ పక్కపక్కన పెట్టి చూడండి. సంకటంలో ప్రశాంతంగా ఉండడం సిద్ధపాటుకు రుజువు కాదు. కుంగిపోవడం సిద్ధపాటు లేదనడానికి సాక్ష్యం కాదు.

6. కొన్ని అభ్యంతరాలు

ఈ గ్రంథాన్ని మెచ్చుకుంటూనే దాని లోపాలను చూడాలి. మొదటి భాగంలో క్రైస్తవుడు చెవులు మూసుకుని, భార్యాపిల్లల పిలుపు వినకుండా పరుగెత్తుతాడు. వారు తనతో రావడానికి ఒప్పుకోలేదన్న సమాధానం కథలోనే ఉంది. అయినా సంకట సమయంలో తన రక్షణే ముందు అన్న భావన పాఠకుణ్ణి ఇబ్బంది పెడుతుంది. పిల్లల కోసం జైలులో కుమిలిపోయిన మనిషే ఈ దృశ్యం రాశాడని గుర్తుంటే, ఆ ఇబ్బంది రచయితకూ ఉండి ఉంటుందనిపిస్తుంది. రెండో భాగంలో భార్యాపిల్లలు గుంపుగా, నడిపించేవాడితో కలిసి వస్తారు. ఊతకర్రలమీద నడిచేవారికీ ఆ గుంపులో చోటుంది.

అజ్ఞాని ముగింపు కూడా కఠినమే. దయ గురించి ఇంతగా రాసిన గ్రంథం అతని విషయంలో కొద్దిగానైనా ఆగదు. కాలపు సిద్ధాంతం ఇక్కడ కథకుడి మీద గెలిచిందని నా అభిప్రాయం. విద్యార్థులు దీనితో విభేదించవచ్చు. విభేదిస్తే గ్రంథంలోంచి ఆధారం చూపాలి.

7. ముగింపు

మొదటి ప్రశ్నకు తిరిగి వద్దాం. సిద్ధపడినవాడు కుంగిపోతే ఆ సిద్ధపాటు వృథానా? బన్యన్ గ్రంథం కాదనే చెబుతుంది. కవచం భయాన్ని తీసివేయకపోయినా పారిపోనివ్వదు. తాళంచెవి ఆలస్యంగా గుర్తొచ్చినా తలుపు తీస్తుంది. లోపల ఏమీ దాచుకోనివాడికి గుర్తొచ్చేందుకు ఏమీ ఉండదు. కాబట్టి బోధకులు చెప్పే నూనె అవసరమే. దానితోపాటు, మన గొంతు పెగలని రోజున కీర్తన పలికే మరో గొంతును ముందే సంపాదించుకోవాలి. మనం కూడా మరొకరికి అలాంటి గొంతు కావాలి. సిద్ధపాటు అంటే ఈ రెండోది కూడా అని నాకు ఆలస్యంగా తెలిసింది.

మీ అవగాహనను పరీక్షించుకోండి

1. కవచం, తాళంచెవి అనే రెండు సంకేతాల ద్వారా బన్యన్ సిద్ధపాటు గురించి చెప్పిన విషయాలను పోల్చి రాయండి.
2. నది ఘట్టంలో క్రైస్తవుడు, అజ్ఞాని పొందిన అనుభవాలకు గల భేదాన్ని వివరించండి.
3. మొదటి భాగంలో కుటుంబాన్ని విడిచి వెళ్లడాన్ని రెండో భాగం ఎంతవరకు సరిదిద్దింది? మీ అభిప్రాయం రాయండి.