కుడివైపు నలుపు, ఎడమవైపు నలుపు

1969 జనవరి 10న అమెరికా ఎన్‌బీసీలో వచ్చిన 'స్టార్ ట్రెక్' ఎపిసోడ్ 'లెట్ దట్ బీ యువర్ లాస్ట్ బాటిల్‌ఫీల్డ్'. మార్టిన్ లూథర్ కింగ్‌ను కాల్చి చంపి అప్పటికి ఏడాదైనా నిండలేదు. చేరాన్ గ్రహం నుంచి పారిపోయొచ్చినవాడు లోకై. అతన్ని 50,000 ఏళ్లుగా తరుముతున్న అధికారి బీల్. ఇద్దరి ముఖాలూ సగం నలుపు, సగం తెలుపు. తేడా ఏంటో అంతరిక్ష నౌక కెప్టెన్ కిర్క్‌కి అంతుపట్టదు. నాకు కుడివైపు నలుపు, వాడికి కుడివైపు తెలుపు, కనబడ్డం లేదా అని బీల్ విస్తుపోతాడు. గొప్ప సీను. ఒకే రంగు మనుషుల్లో కులం ఎట్లా 'కనబడుతుందో' ఎరిగినోళ్లకి ఇది వేరే చెప్పాలా!

పేచీ ఆ తర్వాత. మమ్మల్ని పశువుల్లా తోలి బానిసలుగా అమ్మారంటాడు లోకై. గుండెల్లో పెట్టుకున్నాం, చదువు చెప్పించామంటాడు బీల్. దొరలకి ఊడిగం చెయ్యడానికి సరిపడా చదువు! ఇంత విన్న కిర్క్ చివరికి ఇద్దరికీ ఒకే నీతి చెప్తాడు: ద్వేషం మానండి. తరిమేవాడి ద్వేషమూ, పారిపోయేవాడి కోపమూ ఒకే తక్కెట్లో ఎట్లా తూగుతయ్? పైగా రెండు పాత్రలూ వేసింది తెల్ల నటులే, ఫ్రాంక్ గోర్షిన్, లూ ఆంటోనియో.

అయినా లోకై మాటలు వదలవు. నౌకలోని కుర్రాళ్లు అతనికి నచ్చజెప్తారు: భూమ్మీద అట్లాంటివి ఎప్పుడో ఇరవయ్యో శతాబ్దంలో ఉండేవట, చరిత్ర పాఠాల్లో చదివాం, ఇప్పుడు లేవు.