వంగని చీలమండ, జరిగే సీటు

రోయింగ్ మెషీన్ మీద చీలమండకు అసలు పరీక్ష పిడి లాగేటప్పుడు ఎదురుకాదు, లాగడానికి ముందు ఎదురవుతుంది. సీటు ముందుకు జరిగి మోకాళ్లు బాగా ముడుచుకున్నప్పుడు మోకాలి కింది కాలు దాదాపు నిటారుగా నిలవాలి. పాదం ఆనించే పలక 45 డిగ్రీల వాలులో ఉంటే, మడమ ఎత్తకుండా దాన్ని అలా నిలబెట్టడానికి చీలమండ మరో 45 డిగ్రీలు పైకి వంగాలి. అంత వంపు ఏ లోపమూ లేనివాళ్లలో కూడా అందరికీ ఉండదు. కాబట్టి ఆ క్షణంలో మడమ కాస్త లేవడం తప్పు కాదు. ‘మడమ ఎత్తకు’ అని జిమ్‌లో గద్దించే కోచ్ ఒకసారి తానే కొలిచి చూసుకుంటే మంచిది.

బెణుకు, విరుపు, ఆపరేషన్ తర్వాత చీలమండ బిగుసుకుపోయినవాళ్ల ఇబ్బంది వేరు. అక్కడ దొరకని వంపును శరీరం నడుములో వెతుక్కుంటుంది. వీపు గూనిలా వంగుతుంది, మోకాళ్లు పక్కలకు తెరుచుకుంటాయి. బిగువు ఎక్కడుందో ముందు తెలియాలి. గోడకు ఎదురుగా పాదం పెట్టి, మడమ లేపకుండా మోకాలిని గోడకు తాకించి చూడాలి. పిక్కలో లాగినట్టుంటే బిగువు కండరానిది కావచ్చు, సాధనతో సడలవచ్చు. చీలమండ ముందుభాగంలో నొక్కినట్టుంటే అడ్డం కీలులోనే ఉండవచ్చు. అప్పుడు సాగదీయడం మానేసి ఫిజియోథెరపిస్టుకు చూపించాలి.

మెషీన్‌లో మొదటి మార్పు మడమ కింద. ఏటవాలుగా కోసిన చెక్కముక్కో గట్టి రబ్బరుముక్కో పలక మీద మడమ ఆనేచోట బిగిస్తే పాదం వాలు తగ్గుతుంది, చీలమండ వంగాల్సిన పని కూడా అంతే తగ్గుతుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వెయిట్‌లిఫ్టర్లకు ఈ కిటుకు కొత్తది కాదు. నెల్లిమర్ల దగ్గరి కొండవెలగాడ వెయిట్‌లిఫ్టర్ల ఊరు. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలెత్తి కాంస్యం గెలిచింది. లిఫ్టర్ల బూట్లకు సుమారు రెండు సెంటీమీటర్ల గట్టి మడమ ఉండేది లోతుగా కూర్చున్నప్పుడు చీలమండ మీద భారం తగ్గించడానికే. మెత్తని స్పోర్ట్స్ బూట్ల కంటే ఆ బూట్లే ఇక్కడ నయం. చెక్క మాత్రం కదలకూడదు. జారితే చీలమండే మెలిక పడుతుంది.

పట్టీని పాదం వెడల్పైన చోట, వేళ్ల మొదళ్ల మీదుగా బిగించాలి. చీలమండ వైపు జరిగితే మడమను లేవనివ్వదు. పాదాల ఎత్తు మార్చడం మీద చాలామంది ఆశ పెట్టుకుంటారు కానీ దాని ప్రభావం ఎక్కువగా తుంటి మీద. పాదాలు దింపితే పొట్టకు, తొడలకు చోటు దొరుకుతుంది, చీలమండకు పెద్దగా ఒరిగేదేమీ లేదు.

ఇవన్నీ చేశాక కూడా నొప్పి మొదలయ్యే చోటు ఒకటి మిగులుతుంది. సీటు అక్కడికి చేరకముందే ఆగాలి. సీటు జరిగే పట్టా మీద రంగు టేపు అంటిస్తే గుర్తుకు చాలు. మర్చిపోతారనుకుంటే సీటు చక్రాలకు అడ్డంగా ఒక క్లాంపు బిగించవచ్చు. లాగే దూరం తగ్గిందని గాలి అడ్డును పెంచే డ్యాంపర్‌ను పదికి తిప్పడం కొందరికి అలవాటు. అది నడుముకు చేటు. దాన్ని మూడు నుంచి అయిదు మధ్య ఉంచి, నిమిషానికి లాగే సంఖ్య రెండు మూడు పెంచుకోవడం మేలు.

చీలమండను శాశ్వతంగా బిగించేసినవాళ్లకు, కృత్రిమ పాదం ఉన్నవాళ్లకు కూడా దారి ఉంది. పారా రోయింగ్‌లో పీఆర్3 వర్గం క్రీడాకారులు కాళ్లు, నడుము, చేతులు మూడూ వాడుతూ జరిగే సీటు మీదే పోటీపడతారు. మందుపాతర పేలి కాలు కోల్పోయిన ఆంధ్ర సైనికుడు కొంగనపల్లె నారాయణ, క్రీడాకారిణి అనితతో జోడీగా ఆ వర్గంలో హాంగ్‌జౌ ఆసియా పారా క్రీడల్లో రజతం గెలిచి, 2024 పారిస్ పారాలింపిక్స్‌లో ఎనిమిదో స్థానంలో నిలిచారు. కాళ్ల బలం అందనివారి పీఆర్1, పీఆర్2 వర్గాల్లో సీటే కదలదు. ఇంట్లో మెషీన్‌కూ అదే పద్ధతి పనికొస్తుంది: సీటును ఒకచోట కట్టేసి, మోకాళ్లు కొద్దిగా వంచి ఉంచి, నడుముతో, చేతులతో లాగవచ్చు. కాళ్ల వ్యాయామం పోతుంది, గుండెకు, ఊపిరికి కావలసింది చాలావరకు దక్కుతుంది. ఆపరేషన్ అయినవాళ్లు కట్టు విప్పాక డాక్టరు అనుమతితో మొదలుపెట్టవలసింది ఈ పద్ధతితోనే. సీటును ముందుకు వదలడం ఆ తర్వాత, వేలెడు వేలెడు చొప్పున.