బరువుకి పని ఉన్న పడవ

మొన్న ఆదివారం పందెంలో గాలి గట్టిగా వీచింది. ఎదురుగాలికి పడవని నడిపినంతసేపూ పాదాలు అడుగునున్న పట్టీ కింద ఇరికించి, తొడలు అంచుకి ఆనించి, నడుము నుంచి పైభాగమంతా నీళ్ళ మీదికి వాల్చి ఉంచాలి. ముందు ఏమీ తెలియదు. కాసేపటికి తొడల్లో మంట మొదలవుతుంది, ఆ తర్వాత వణుకు. ఒక్క క్షణం లేచి కూర్చుందామనిపిస్తుంది. కూర్చుంటే పడవ ఒరుగుతుంది, పక్కకి జారుతుంది, వెనకున్నవాడు దాటిపోతాడు.

నాకు 56 ఏళ్ళు. బరువు 98 కిలోలు. పుట్టింది విశాఖలోనే అయినా తెరచాప పడవ నేర్చుకున్నది ఇంగ్లండ్ వచ్చాకే. మొదట లేజర్ అనే ఒంటరి పడవ నడిపాను. 80 కిలోల చుట్టుపక్కల ఉన్నవాళ్ళకి దాన్ని మించింది లేదు. చిరుగాలిలో నా కింద మాత్రం అది కదిలేది కాదు. "ఇంత మనిషివి, పెద్ద పడవలో నలుగురితో కూర్చోరాదూ" అని ఒకాయన సలహా ఇచ్చాడు. ఒంటరిగా నడపడంలోనే నా ప్రాణం ఉంది. ఆయన మాట చాలా రోజులు గుచ్చుకుంది. ఆ ఏడాదే పాత ఫిన్ ఒకటి కొన్నాను.

నాలుగున్నర మీటర్ల పొడవు, ఒకటే తెరచాప, ఒక్కడే మనిషి: అదీ ఫిన్. స్వీడన్‌కి చెందిన రిక్కార్డ్ సార్బీ 1949లో దీన్ని రూపొందించాడు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో ఇదే పడవలో తనే పోటీపడి కాంస్యం గెలిచాడు. స్వర్ణం డెన్మార్క్ వీరుడు పాల్ ఎల్వ్‌స్ట్రోమ్‌ది. పడవ బయటికి వాలి ఉండే ఓపిక కోసం ప్రత్యేకంగా బల్ల పెట్టుకుని సాధన చేసిన మనిషాయన.

ఫిన్‌లో చాపని మోసే కొయ్యని పట్టి ఉంచే తీగలేవీ ఉండవు. గాలి పెరిగేకొద్దీ కొయ్య వంగుతుంది, చాప చదునవుతుంది, ఎక్కువైన గాలి పైనుంచి జారిపోతుంది. ఎంత వంగాలన్నది నడిపేవాడి బరువుని బట్టి ఉంటుంది. చొక్కాకి కొలతలిచ్చినట్టు కొయ్యకీ చాపకీ మన కొలతలివ్వాలి. అప్పట్లో నాకది తెలియదు. పడవతోపాటు వచ్చిన కొయ్య నాకంటే చాలా తేలికైన మనిషిది. గాలి రాగానే వంగిపోయి చాపలో బలమంతా పోయేది. రెండేళ్ళు తప్పు నా చేతుల్లోనే ఉందనుకున్నాను. బిరుసు కొయ్య మార్చిన రోజు గాలి విసురు తగిలింది, నేను బయటికి వాలాను, పడవ ఒరగకుండా ముందుకి దూకింది. నా బరువుకి అక్కడ పని దొరికింది.

మా సరస్సులో డెబ్బై దాటిన పెద్దాయన ఒకరున్నారు. తొడల బలంలో ఆయన నాకు సాటి కాదు. కానీ గాలివాటున వెళ్ళేటప్పుడు మెడ తిప్పి వెనక నీళ్ళనే చూస్తుంటారు. ఎక్కడ నీళ్ళు నల్లబడుతున్నాయో అక్కడ గాలి దిగుతోందన్నమాట. నేను చూసేలోపే చుక్కాని తిప్పి ఆ నల్లమచ్చ మీదికి చేరుకుంటారు. ఫిన్‌లో నలభై దాటినవాళ్ళకి ఏటా ప్రత్యేక ప్రపంచ పోటీలున్నాయి. డెబ్బై దాటినవాళ్ళ విభాగం పేరు లెజెండ్. ఆ పేరు వాళ్ళకి తగినదే.

1952 నుంచి టోక్యో దాకా వరసగా 18 ఒలింపిక్స్‌లో ఫిన్ ఉంది. చివరి ఆరు స్వర్ణాలూ బ్రిటన్‌వే. వాటిలో మూడు బెన్ ఐన్‌స్లీవి, ఆఖరి రెండూ గైల్స్ స్కాట్‌వి. స్కాట్ చాలా పొడుగైన, బరువైన మనిషి. టోక్యో తర్వాత ఫిన్‌ని తీసేశారు. ఇప్పుడు మగవాళ్ళు ఒంటరిగా నడిపే చిన్న పడవ పోటీ అంటే లేజరే, కొత్త పేరు ఐఎల్‌సీఏ 7. అంత ఎత్తూ బరువూ ఉన్న కుర్రాడికి అందులో చోటు లేదు. బరువుల పోటీలోనూ కుస్తీలోనూ ఒంటి తూకాన్ని బట్టి విభాగాలు పెట్టినవాళ్ళు ఇక్కడ ఆ ఒక్క తలుపూ మూసేయడం అన్యాయం.

మన హుస్సేన్ సాగర్‌లో వానాకాలపు గాలికి లేజర్ పందేలు జరుగుతాయి. మీ ఇంట్లో పొడుగ్గా, భారీగా ఎదుగుతున్న పిల్లాడుంటే, ఒంటిని చూసి ఆటలకి పనికిరాడని తేల్చేయకండి. గాలి గట్టిగా ఉన్న రోజు చూసి ఒకసారి ఆ ఒడ్డుకి తీసుకెళ్ళండి.